వృత్తి బేస్‌బాల్ చరిత్రలో మరపురాని రోజులు, మైలురాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రికెట్ చూస్తూ పెరిగిన తెలుగువారికి కూడా బేబ్ రూత్, జాకీ రాబిన్సన్, షోహెయ్ ఒహ్తానీ వంటి పేర్లు ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడే ఉంటాయి. వాళ్లు ఏం చేశారు, ఆ రోజులను జనం ఇంకా ఎందుకు తలచుకుంటారు అని అడిగితే మాత్రం సరైన సమాధానం చెప్పేవారు మన మధ్య తక్కువ. బేస్‌బాల్ లెక్కల ఆట. నూటయాభై ఏళ్లుగా ఎవరు ఎన్ని హిట్లు కొట్టారో, ఎవరు ఎంతమందిని ఔట్ చేశారో పుస్తకాలకెక్కుతూనే ఉంది. అయితే ప్రతి అంకె దగ్గరా ఆగి రెండు సంగతులు అడగాలి. దాన్ని సాధించినవారు ఎవరు? ఆ కాలంలో మైదానంలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు? రెండో సంగతి అడగకపోతే రికార్డుల పట్టికను సగమే చదివినట్టు. కింది సమాధానాలన్నీ ఆ దృష్టితో రాసినవే.

ఈ ఘట్టాలు అర్థం కావాలంటే ఆట గురించి కనీసం ఏం తెలియాలి?

ఒక మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్; స్కోరు సమానమైతే ఇంకా ఆడతారు. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒకదాని తర్వాత ఒకటి బ్యాటింగ్ చేస్తాయి. ముగ్గురు ఔటైతే ఆ జట్టు వంతు అయిపోతుంది. బంతి వేసేవాడు పిచర్, మన వికెట్‌కీపర్ లాగా వెనక కూర్చుని అందుకునేవాడు క్యాచర్. బ్యాటర్ మూడు బేస్‌లు చుట్టి, మొదలుపెట్టిన హోమ్ ప్లేట్‌కు తిరిగొస్తే ఒక పరుగు. కొట్టబోయి తప్పినా, గురిలో పడ్డ బంతిని వదిలేసినా స్ట్రైక్; మూడు స్ట్రైక్‌లు పడితే బ్యాటర్ ఔట్, దాన్నే స్ట్రైక్‌ఔట్ అంటారు. బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరితే హిట్. పిచర్ నాలుగు బంతులు గురి తప్పి వేస్తే బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళ్లిపోతాడు. హద్దు గీతల మధ్య నుంచి కొట్టిన బంతి గోడ దాటితే హోమ్ రన్. అది సిక్సర్ లాంటిదే, కానీ ఒక జట్టుకు మ్యాచ్ మొత్తం మీద ఒకటో రెండో వస్తే అదే పదివేలు. పదిసార్లు బ్యాట్ పట్టి మూడుసార్లు హిట్ కొట్టగలిగినవాణ్ణి మేటి బ్యాటర్ అంటారు, అంటే ఏడుసార్లు విఫలమైనా వాడు మొనగాడే. ఆ సగటును .300 అని రాస్తారు. ఒక్కో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది (1961 ముందు 154 ఉండేవి). చివరికి అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ విజేతలు వరల్డ్ సిరీస్‌లో తలపడతాయి.

డబ్బు తీసుకుని ఆడటం ఎప్పుడు మొదలైంది? క్రికెట్‌తో దీనికి నిజంగా సంబంధం ఉందా?

ఉంది, చాలామంది అనుకునేదానికంటే దగ్గర సంబంధమే. ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చిన మొదటి జట్టు 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. ఆ జట్టును నడిపిన హ్యారీ రైట్ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టినవాడు, వృత్తిరీత్యా క్రికెటర్. అతని తమ్ముడు జార్జ్ రైట్‌కు ఆ సీజన్‌కు ఇచ్చిన జీతం 1,400 డాలర్లు. కొత్తగా వేసిన రైలు మార్గం మీద శాన్ ఫ్రాన్సిస్కో దాకా వెళ్లి ఆడిన ఆ జట్టు ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. చివరికి 1870 జూన్ 14న బ్రూక్లిన్‌లో అట్లాంటిక్స్ జట్టు 11 ఇన్నింగ్స్ ఆడి 8-7 తేడాతో వారిని ఓడించింది.

మ్యాచ్ మొత్తాన్ని అరచేయంత పట్టికలోకి కుదించే బాక్స్ స్కోర్‌ను తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ కూడా ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్‌కు మళ్లినవాడే. స్ట్రైక్‌ఔట్‌ను ఈనాటికీ 'కె' అక్షరంతో గుర్తించే పద్ధతి ఆయన పెట్టినదే. నేషనల్ లీగ్ 1876లో ఏర్పడింది, దానికి పోటీగా అమెరికన్ లీగ్ 1901లో పెద్ద లీగ్‌గా నిలబడింది. ఆ రెండింటి విజేతల మధ్య తొలి వరల్డ్ సిరీస్ 1903లో జరిగింది. బోస్టన్ జట్టు పిట్స్‌బర్గ్‌ను 5-3తో ఓడించింది. ఆ తర్వాత వరల్డ్ సిరీస్ జరగని సంవత్సరాలు రెండే: న్యూయార్క్ జెయింట్స్ ఆడనని భీష్మించిన 1904, ఆటగాళ్ల సమ్మె నడిచిన 1994.

1919లో వరల్డ్ సిరీస్‌ను అమ్ముకున్నారన్న మాట నిజమేనా?

నిజమే. చికాగో వైట్ సాక్స్ జట్టులోని కొందరు ఆటగాళ్లు జూదగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని సిన్సినాటి రెడ్స్‌కు సిరీస్ వదిలేశారు. 1921లో జ్యూరీ వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. కానీ బేస్‌బాల్ మొదటి కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్ మరునాడే ఎనిమిది మందిని జీవితాంతం ఆట నుంచి వెలివేశాడు. వారిలో బక్ వీవర్ డబ్బు ముట్టుకోలేదు, కుట్ర సంగతి తెలిసీ చెప్పకపోవడమే అతని నేరం. 'షూలెస్' జో జాక్సన్ 5,000 డాలర్లు తీసుకున్నాడు. అదే సిరీస్‌లో అతని సగటు .375, దాంతో అతను నిజంగా ఆటను వదిలేశాడా లేదా అన్న వాదన వందేళ్లు దాటినా చల్లారలేదు.

అందరికంటే ఎక్కువగా 4,256 హిట్లు కొట్టిన పీట్ రోజ్ మీద కూడా బెట్టింగ్ కారణంగానే 1989లో నిషేధం పడింది. చనిపోయినవారికి శాశ్వత నిషేధం వర్తించదని 2025 మేలో కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ నిర్ణయించడంతో జాక్సన్, రోజ్ ఇద్దరి పేర్లూ ఆ జాబితా నుంచి తొలగాయి. జాక్సన్ పోయి అప్పటికి 73 ఏళ్లు, రోజ్ పోయి ఏడాది కూడా కాలేదు.

బేబ్ రూత్‌ను అందరికంటే ఎత్తున ఎందుకు నిలబెడతారు?

ఆట ఆడే తీరునే మార్చేశాడు కాబట్టి. బోస్టన్ రెడ్ సాక్స్‌లో ఉండగా రూత్ మంచి ఎడమచేతి పిచర్. 1919 చివర్లో ఆ జట్టు యజమాని అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేశాడు. 1920లో రూత్ 54 హోమ్ రన్లు కొట్టాడు; ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో మిగిలిన ఏ జట్టుకూ, ఆటగాళ్లందరూ కలిసి కొట్టినా, అన్ని రాలేదు. ఒక్కో బేస్ చొప్పున జాగ్రత్తగా ముందుకు జరిగే ఆట కాస్తా ఒక్క దెబ్బతో తేలిపోయే ఆట అయింది. 1927లో 60, మొత్తం మీద 714.

1932లో న్యూయార్క్ వచ్చిన డాన్ బ్రాడ్‌మన్ యాంకీ స్టేడియంలో రూత్‌ను కలిశాడు. రెండు ఆటల్లోనూ అంకెలకు కొత్త అర్థం చెప్పిన ఇద్దరూ పక్కపక్కన కూర్చున్న ఆ మధ్యాహ్నాన్ని తలచుకుంటే మనలాంటి వారికి ఒళ్లు పులకరిస్తుంది.

అయితే రూత్ ఒక్క ఇన్నింగ్స్ కూడా నల్లజాతి పిచర్‌ను లీగ్ మ్యాచ్‌లో ఎదుర్కోలేదు, ఎదుర్కొనే వీలే అప్పట్లో లేదు. ఇది అతని తప్పు కాదు. కానీ 714ను చదివేటప్పుడు ఆ సంగతి మరచిపోకూడదు.

వరుసగా ఆడిన మ్యాచ్‌ల రికార్డుకు అంత గౌరవం ఎందుకు?

లూ గెహ్రిగ్ 1925 జూన్ నుంచి 1939 ఏప్రిల్ 30 దాకా యాంకీస్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా 2,130 ఆడాడు. మే 2న డెట్రాయిట్‌లో తనను పక్కన పెట్టమని మేనేజర్‌ను తానే అడిగాడు. ఒంట్లో సత్తువ ఎందుకు పోతోందో అప్పటికి అతనికి తెలియదు. కండరాలను క్రమంగా చచ్చుబడేలా చేసే వ్యాధి అని జూన్‌లో తేలింది; అమెరికాలో ఈనాటికీ ఆ జబ్బును అతని పేరుతోనే పిలుస్తారు. జూలై 4న నిండిన యాంకీ స్టేడియంలో, ఈ భూమి మీద అందరికంటే అదృష్టవంతుణ్ణి నేనే అనుకుంటున్నానని చెప్పి సెలవు తీసుకున్నాడు. 1941 జూన్ 2న కన్నుమూశాడు. అప్పటికి అతనికి 37 ఏళ్లు.

ఆ రికార్డును 1995 సెప్టెంబరు 6న బాల్టిమోర్‌లో కాల్ రిప్కెన్ దాటాడు. ముందటి ఏడాది సమ్మెతో విసిగి జనం ఆటకు దూరమైన సమయమది. అయిదో ఇన్నింగ్స్‌లో మ్యాచ్ లెక్కలోకి రాగానే మైదానం వెనుక గోదాము గోడ మీద అంకె 2,131గా మారింది. సహచరులు అతన్ని డగౌట్ నుంచి బయటికి నెట్టారు. రిప్కెన్ మైదానం చుట్టూ తిరుగుతూ గోడ మీదుగా చేతులు చాచిన వారందరికీ చేయి కలిపాడు. ఆట 22 నిమిషాలు ఆగిపోయింది. చివరికి 2,632 దగ్గర, 1998లో, తన ఇష్టంతోనే ఆ వరుసను ఆపేశాడు.

1941 సీజన్‌ను ప్రత్యేకంగా ఎందుకు చెబుతారు?

ఒకే వేసవిలో రెండు అసాధ్యాలు జరిగాయి. జో డిమాజియో వరుసగా 56 మ్యాచ్‌ల్లో కనీసం ఒక్కో హిట్ కొట్టాడు. జూలై 17న క్లీవ్‌లాండ్‌లో మూడో బేస్ దగ్గర కెన్ కెల్ట్‌నర్ రెండు గొప్ప స్టాప్‌లతో అతన్ని ఆపగలిగాడు. ఆపిన మరునాటి నుంచి డిమాజియో మళ్లీ 16 మ్యాచ్‌ల్లో వరుసగా హిట్లు కొట్టాడు.

మరోవైపు బోస్టన్ యువకుడు టెడ్ విలియమ్స్ సీజన్ చివరి రోజుకు .39955 సగటుతో ఉన్నాడు. దాన్ని .400గానే లెక్కిస్తారు, కావాలంటే ఆడకుండా కూర్చోమని మేనేజర్ చెప్పాడు. విలియమ్స్ ఒప్పుకోలేదు. ఫిలడెల్ఫియాలో ఆ రోజు రెండు మ్యాచ్‌లూ ఆడి, ఎనిమిదిసార్లలో ఆరు హిట్లు కొట్టి, .406తో ముగించాడు. ఆ రెండు లీగ్‌లలో ఆ తర్వాత ఎవరూ .400 అందుకోలేదు. నా దృష్టిలో ఇక్కడ .406 కంటే కూర్చోనన్న మాటే పెద్దది.

1947 ఏప్రిల్ 15న అసలు ఏం జరిగింది?

స్కోరు పుస్తకం ప్రకారం చూస్తే చాలా సాధారణమైన మ్యాచ్. బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో డాడ్జర్స్ 5-3తో బోస్టన్ బ్రేవ్స్‌ను ఓడించారు. డాడ్జర్స్ తరఫున మొదటి బేస్ దగ్గర ఆడిన కొత్త కుర్రాడికి ఒక్క హిట్ కూడా రాలేదు. ఫీల్డర్ పొరపాటు వల్ల బేస్ చేరి, తర్వాత ఒక పరుగు సాధించాడు. అతని పేరు జాకీ రాబిన్సన్, వయసు 28. ఇరవయ్యో శతాబ్దపు పెద్ద లీగ్‌లలో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి ఆటగాడు. 1884లో టొలెడో జట్టుకు ఆడిన మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ వంటివారిని వెళ్లగొట్టాక అరవై ఏళ్లకు పైగా ఆ తలుపు మూసే ఉంది. దానికి ఎక్కడా రాతపూర్వకమైన నిబంధన లేదు. యజమానులందరూ నోటిమాటగా పాటించిన కట్టుబాటు అది.

డాడ్జర్స్‌ను నడిపిన బ్రాంచ్ రికీ రాబిన్సన్‌ను 1945లోనే ఎంచుకుని, ఒక ఏడాది మాంట్రియల్‌లోని అనుబంధ జట్టులో ఆడించాడు. ఎవరేమన్నా తిరిగి చేయి ఎత్తకూడదన్నది ఇద్దరి మధ్య ఒప్పందం. రాబిన్సన్ స్వభావతః తలవంచే మనిషి కాదు. సైన్యంలో ఉండగా బస్సులో వెనక సీటుకు వెళ్లనన్నందుకు 1944లో సైనిక న్యాయస్థానం ముందు నిలబడి, నిర్దోషిగా బయటపడినవాడు. అటువంటివాడు మైదానంలో నోరు కట్టేసుకోవలసి వచ్చింది. ఆ నెలలోనే ఫిలడెల్ఫియా జట్టు మేనేజర్ బెన్ చాప్‌మన్, అతని ఆటగాళ్లు డగౌట్ నుంచి అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. వాటన్నిటి నడుమ ఆడుతూనే అతను ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడిగా నిలిచాడు. 1949లో .342 సగటుతో లీగ్‌లోనే అత్యంత విలువైన ఆటగాడు అనిపించుకున్నాడు. 1947లోనే జూలై 5న క్లీవ్‌లాండ్ తరఫున లారీ డోబీ అమెరికన్ లీగ్‌లో అడుగుపెట్టాడు. అతను పడిన బాధలు రాబిన్సన్ పడినవాటికి తీసిపోవు, కానీ రెండోవాడు కావడంతో ఎవరూ అంతగా చెప్పుకోరు.

1997లో రాబిన్సన్ చొక్కా నంబరు 42ను అన్ని జట్లూ శాశ్వతంగా పక్కన పెట్టాయి. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15న మాత్రం ప్రతి జట్టులో ప్రతి ఆటగాడూ 42 వేసుకుని ఆడతాడు. ఆ రోజు మొదటిసారి టీవీ పెట్టినవారు అందరికీ ఒకే నంబరేమిటని తికమకపడుతుంటారు, సంగతి ఇదీ.

నీగ్రో లీగ్‌ల లెక్కలు ఇటీవల రికార్డుల్లో కలిశాయని విన్నాం. దానివల్ల ఏం మారింది?

పెద్ద లీగ్‌లు రానివ్వనప్పుడు నల్లజాతి ఆటగాళ్లు సొంత లీగ్‌లు పెట్టుకున్నారు. 1920లో రూబ్ ఫాస్టర్ పూనికతో కాన్సస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్ ఏర్పడింది. 1920 నుంచి 1948 దాకా నడిచిన అటువంటి ఏడు లీగ్‌లను పెద్ద లీగ్‌లుగా గుర్తిస్తున్నట్టు 2020 డిసెంబరులో ప్రకటించి, వాటి గణాంకాలను 2024 మేలో అధికారిక పట్టికల్లో కలిపారు. దాంతో జీవితకాల బ్యాటింగ్ సగటులో టై కాబ్ స్థానంలోకి .372తో జాష్ గిబ్సన్ వచ్చాడు. ఒక సీజన్ సగటులోనూ 1943లో అతను సాధించిన .466 అగ్రస్థానంలో ఉంది.

ఆ సీజన్లు పొట్టివి, మ్యాచ్‌లు తక్కువ, కాబట్టి పోల్చడం న్యాయం కాదని కొందరు అంటారు. పొట్టివన్నది నిజమే. కానీ వాళ్ల సీజన్లు పొట్టివి కావడానికి కారణం వాళ్లు కాదు గదా! గిబ్సన్ 35 ఏళ్ల వయసులో 1947 జనవరిలో చనిపోయాడు. రాబిన్సన్ ఎబెట్స్ ఫీల్డ్‌లో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు.

పర్ఫెక్ట్ గేమ్ అంటే ఏమిటి? అందులో గుర్తుంచుకోవలసినవి ఏవి?

ఎదుటి జట్టు నుంచి ఒక్కరిని కూడా మొదటి బేస్ చేరనివ్వకుండా, వచ్చిన 27 మందినీ వచ్చినట్టే పంపించేయడం పర్ఫెక్ట్ గేమ్. పెద్ద లీగ్‌ల చరిత్ర మొత్తంలో 2023 జూన్‌లో డొమింగో హెర్మాన్ సాధించినదానితో కలిపి అధికారికంగా 24 మాత్రమే ఉన్నాయి. వరల్డ్ సిరీస్‌లో ఒకే ఒక్కటి: 1956 అక్టోబరు 8న డాడ్జర్స్ మీద యాంకీస్ పిచర్ డాన్ లార్సన్ 97 బంతుల్లో సాధించినది. లార్సన్ గొప్ప పిచరేమీ కాదు. రెండేళ్ల ముందు బాల్టిమోర్‌లో అతను గెలిచినవి మూడు, ఓడినవి 21. అదే సిరీస్ రెండో మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్ కూడా నిలవలేక దిగిపోయినవాడు. చివరి స్ట్రైక్ పడగానే క్యాచర్ యోగి బెర్రా పరుగెత్తుకొచ్చి చంటిపిల్లాడిలా అతని మీదికి ఎగిరి చంకనెక్కిన ఫొటో చూడనివారు అమెరికాలో అరుదు.

లెక్కలోకి రాని ఇరవై అయిదోదాని గురించి చెప్పకుండా ఈ సమాధానం ముగించలేను. 2010 జూన్ 2, డెట్రాయిట్. వెనెజువెలాకు చెందిన అర్మాండో గలరాగా క్లీవ్‌లాండ్ మీద 26 మందిని ఔట్ చేశాడు. ఇరవై ఏడోవాడు జేసన్ డోనాల్డ్ బంతిని నేల మీద కుడివైపు కొట్టాడు. మిగెల్ కాబ్రెరా దాన్ని ఆపి విసిరాడు. మొదటి బేస్‌కు పరుగెత్తిన గలరాగా బంతి అందుకుని, డోనాల్డ్ కంటే ముందే బేస్ తొక్కాడు. అంపైర్ జిమ్ జాయిస్ చేతులు రెండు పక్కలా చాచాడు: నాటౌట్. అది తప్పు నిర్ణయమని స్టేడియమంతటికీ తెలుసు. గలరాగా అరవలేదు, టోపీ నేలకేసి కొట్టలేదు. చిరునవ్వు నవ్వి, వెనక్కి నడిచి, తర్వాతి బ్యాటర్‌ను ఔట్ చేశాడు.

మ్యాచ్ అయ్యాక వీడియో చూసిన జాయిస్ ఆ కుర్రాడి పర్ఫెక్ట్ గేమ్ తాను పోగొట్టానని అందరి ముందూ ఒప్పుకుని, గలరాగాకు క్షమాపణ చెప్పాడు. మరునాడు మధ్యాహ్నం జాయిస్‌దే ప్రధాన అంపైర్ వంతు. ఆట మొదలయ్యే ముందు జట్టు జాబితా కాగితాన్ని మామూలుగా మేనేజరో కోచో తెచ్చి అంపైర్‌కు ఇస్తారు. ఆ రోజు డెట్రాయిట్ తరఫున గలరాగాను పంపారు. కాగితం అందుకున్న జాయిస్ కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. నిర్ణయం మాత్రం మారలేదు, పుస్తకంలో అది ఒక హిట్ ఇచ్చిన మ్యాచ్‌గానే మిగిలింది. వీడియో సమీక్షను ఇటువంటి నిర్ణయాలకు కూడా వర్తింపజేసింది 2014 నుంచి. ఈ ఆట మొత్తంలో ఒక్క ఘట్టమే దాచుకోమంటే నేను దాచుకునేది ఆ కాగితం చేతులు మారిన క్షణాన్నే.

ఒక్క దెబ్బతో తేలిపోయిన మ్యాచ్‌లలో తప్పక తెలుసుకోవలసినవి ఏవి?

రెండు చాలు. 1951 ఆగస్టులో డాడ్జర్స్ కంటే పదమూడున్నర మ్యాచ్‌లు వెనుకబడిన న్యూయార్క్ జెయింట్స్ సీజన్ ముగిసేసరికి సమానమయ్యారు. అక్టోబరు 3న నిర్ణాయక మ్యాచ్ చివరి ఇన్నింగ్స్‌లో 4-2తో వెనుకబడి ఉండగా, రాల్ఫ్ బ్రాంకా వేసిన బంతిని బాబీ థామ్సన్ ఎడమవైపు స్టాండులోకి కొట్టి 5-4తో గెలిపించాడు. ఆ సీజన్‌లో జెయింట్స్ దూరదర్శిని పెట్టి ఎదుటి క్యాచర్ సైగలు చూసేవారని అయిదు దశాబ్దాల తర్వాత బయటపడింది. ఆ ఒక్క బంతి సైగ తనకు అందలేదని థామ్సన్ చెప్పాడు.

రెండోది 1960 అక్టోబరు 13, పిట్స్‌బర్గ్. ఆ వరల్డ్ సిరీస్ ఏడు మ్యాచ్‌ల్లో యాంకీస్ 55 పరుగులు చేశారు, పిట్స్‌బర్గ్ 27 మాత్రమే. అయినా 9-9 దగ్గర బిల్ మాజెరోస్కీ కొట్టిన హోమ్ రన్‌తో సిరీస్ పిట్స్‌బర్గ్‌దే అయింది. ఏడో మ్యాచ్ హోమ్ రన్‌తో ముగిసిన వరల్డ్ సిరీస్ అదొక్కటే.

హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ ఎందుకంత గొప్పది? ఆ రికార్డు ఇప్పుడు ఎవరిది?

అలబామాలోని మొబైల్ పట్టణంలో పుట్టి, నీగ్రో లీగ్‌లోని ఇండియానాపోలిస్ క్లౌన్స్‌లో ఆట మొదలుపెట్టిన ఆరన్, 1973 సీజన్ ముగిసేసరికి 713 దగ్గర ఆగాడు. రూత్‌ను అందుకోవడానికి ఒక్కటే తక్కువ. ఆ చలికాలమంతా అతనికి ఉత్తరాలు లక్షల్లో వచ్చాయి. వాటిలో అభిమానంతో రాసినవీ ఉన్నాయి, చంపుతామని బెదిరించినవీ ఉన్నాయి. ఒక నల్లజాతివాడు రూత్‌ను దాటడం సహించలేని జనం ఎందరో. పిల్లలకు ఏం జరుగుతుందోనన్న భయం, వెంట అంగరక్షకుడు, జట్టు నుంచి వేరుగా బస. అలా బతుకుతూనే అతను ఏప్రిల్ 4న సిన్సినాటిలో ఆ సీజన్ మొదటి స్వింగ్‌తోనే 714 కొట్టాడు.

ఏప్రిల్ 8 రాత్రి అట్లాంటాలో, 53,775 మంది ముందు, నాలుగో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ పిచర్ ఆల్ డౌనింగ్ వేసిన బంతి ఎడమ గోడ దాటింది. బేస్‌ల చుట్టూ పరుగెత్తుతుండగా ఇద్దరు కుర్రాళ్లు గోడ దూకి పక్కకు వచ్చి భుజం తట్టారు. అన్ని బెదిరింపుల తర్వాత ఆ అర నిమిషం అంగరక్షకుడికి ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు. హోమ్ ప్లేట్ దగ్గర తల్లి ఎస్టెల్లా వచ్చి కొడుకును గట్టిగా కౌగిలించుకుంది. దక్షిణాది రాష్ట్రమైన జార్జియాలో ఒక నల్లజాతి మనిషి కోసం జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారని వ్యాఖ్యాత విన్ స్కల్లీ ఆ క్షణంలోనే చెప్పాడు.

ఆరన్ 755 దగ్గర ఆగాడు. ఆ 755 హోమ్ రన్లను తీసేసినా అతనికి ఇంకా మూడు వేలకు పైగా హిట్లు మిగులుతాయి. 2007లో బ్యారీ బాండ్స్ ఆ సంఖ్యను దాటి 762 దగ్గర ఆగాడు కాబట్టి పుస్తకంలో రికార్డు అతనిదే. ఒక సీజన్ రికార్డు కూడా 2001లో అతను కొట్టిన 73. అయితే అది ఉత్ప్రేరకాల కాలం. 1998లో 70 కొట్టిన మార్క్ మెగ్వయర్ తాను స్టెరాయిడ్లు వాడినట్టు 2010లో ఒప్పుకున్నాడు. ఆ నీలినీడల వల్లనే బాండ్స్‌కు హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్లకు శాశ్వత గౌరవమిచ్చే సంస్థ) తలుపులు తెరుచుకోలేదు. అంకెను చెరిపేయాలని నేను అనను. చదివేవారికి ఆ కాలం సంగతి తెలిసి ఉంటే చాలు. అమెరికన్ లీగ్‌లో 1961 నాటి రోజర్ మేరిస్ 61ను దాటి ఆరన్ జడ్జ్ 62వది కొట్టింది 2022 అక్టోబరు 4న, తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన డాలస్ ప్రాంతంలోని ఆర్లింగ్టన్ స్టేడియంలోనే.

సరిగ్గా 3,000 హిట్ల దగ్గర ఆగిపోయిన ఆటగాడు ఎవరు?

ప్యూర్టో రికోకు చెందిన రాబర్టో క్లెమెంటే. పిట్స్‌బర్గ్ తరఫున 1972 సెప్టెంబరు 30న మూడు వేలవ హిట్ కొట్టాడు. ఆ డిసెంబరులో నికరాగ్వాలో భూకంపం వచ్చింది. తాము పంపిన సామగ్రి బాధితులకు చేరడం లేదని విని, ఈసారి నేనే తీసుకెళతానని డిసెంబరు 31 రాత్రి సరుకుల విమానం ఎక్కాడు. అది శాన్ హువాన్ నుంచి లేచిన కాసేపటికే సముద్రంలో కూలింది. హాల్ ఆఫ్ ఫేమ్‌కు అయిదేళ్లు ఆగాలన్న నియమాన్ని అతని కోసం సడలించి 1973లోనే చేర్చుకున్నారు.

రెడ్ సాక్స్, కబ్స్ 'శాపాల' కథ ఏమిటి?

రూత్‌ను అమ్మిన బోస్టన్‌కు 1918 తర్వాత 86 ఏళ్లు టైటిల్ రాలేదు. 2004లో అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో యాంకీస్ చేతిలో వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడి, నాలుగోదాంట్లో చివరి ఇన్నింగ్స్‌లో ఒక పరుగు వెనుక ఉన్నారు. బదులు పరుగుకు దిగిన డేవ్ రాబర్ట్స్ రెండో బేస్‌ను దొంగిలిస్తాడని (అంటే పిచర్ బంతి వేస్తుండగానే, బ్యాటర్ కొట్టకముందే అక్కడికి పరుగెత్తుతాడని) స్టేడియంలో అందరికీ తెలుసు, పిచర్ మరియానో రివేరాకూ తెలుసు. అయినా దొంగిలించాడు. అక్కడి నుంచి వరుసగా ఎనిమిది గెలిచి టైటిల్ పట్టుకుపోయారు. చికాగో కబ్స్ నిరీక్షణ ఇంకా పొడవైనది, 108 ఏళ్లు. 2016లో క్లీవ్‌లాండ్‌లో ఏడో మ్యాచ్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సమానమై, 17 నిమిషాలు వాన కురిసి, పదో ఇన్నింగ్స్‌లో 8-7తో తేలింది.

అమెరికా బయటివారి పాత్ర ఎంత?

జపాన్‌ను విడిచి ఈ చరిత్ర చెప్పలేం. 1934 నవంబరులో అక్కడికి వెళ్లిన అమెరికా జట్టు మీద 17 ఏళ్ల ఎయిజీ సావమురా గెరింజర్, రూత్, ఫాక్స్, గెహ్రిగ్‌లను వరుసగా స్ట్రైక్‌ఔట్ చేశాడు; గెహ్రిగ్ హోమ్ రన్ వల్ల 1-0తో ఓడాడు. పదేళ్లకు యుద్ధంలో చనిపోయాడు. జపాన్‌లో ఏటా మేటి పిచర్‌కు ఇచ్చే బహుమతి అతని పేరు మీదే ఉంది. సదహారు ఓ అక్కడి లీగ్‌లో కొట్టిన హోమ్ రన్లు 868. ఇచీరో సుజుకీ 2004లో సియాటిల్ తరఫున ఒకే సీజన్‌లో 262 హిట్లు కొట్టి 84 ఏళ్ల రికార్డును చెరిపాడు.

ఒహ్తానీ ఇప్పుడు రూత్ కూడా కొద్దికాలమే చేసిన పనిని, అంటే పిచింగ్, బ్యాటింగ్ రెండింటినీ, అత్యున్నత స్థాయిలో చేస్తున్నాడు. 2024లో 54 హోమ్ రన్లు, 59 దొంగిలించిన బేస్‌లు. రెండూ యాభై దాటడం అంతకుముందు ఎవరి వల్లా కాలేదు. 2025 అక్టోబరు 17న మిల్వాకీ మీద ఒకే మ్యాచ్‌లో పదిమందిని స్ట్రైక్‌ఔట్ చేసి, మూడు హోమ్ రన్లు కొట్టాడు.

భారతీయులు ఎవరైనా ఉన్నారా?

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈటె విసిరే కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో ఒక టీవీ పోటీ ద్వారా ఎంపికై పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. కింది స్థాయి లీగ్‌లలో ఆడారు గాని పెద్ద లీగ్ దాకా చేరలేదు. డాలస్ దగ్గర గ్రాండ్ ప్రెయిరీలో తెలుగువారు ఇప్పుడు టెక్సస్ సూపర్ కింగ్స్ మ్యాచ్‌లు చూసే క్రికెట్ స్టేడియం ఒకప్పుడు బేస్‌బాల్ మైదానం. దాన్ని క్రికెట్‌కు అనువుగా మార్చి 2023లో తెరిచారు. క్రికెటర్ హ్యారీ రైట్ బేస్‌బాల్ జట్టును నడిపిన దేశంలో ఇది ఎదురు ప్రయాణం.

మొదటిసారి స్టేడియానికి వెళ్లేవారు ఏం గమనించాలి?

స్కోరుబోర్డు చివర మూడు గళ్లుంటాయి. 'ఆర్' కింద పరుగులు, 'హెచ్' కింద హిట్లు, 'ఇ' కింద ఫీల్డింగ్ పొరపాట్లు. అందరూ మొదటి గడినే చూస్తారు. మీరు రెండోదాన్ని చూడండి. ఆరో ఇన్నింగ్స్ దాటినా ఒక జట్టు 'హెచ్' కింద సున్నాయే ఉంటే తినుబండారాల కోసం లేచి వెళ్లకండి. ఆ జట్టును ఆపుతున్న పిచర్ డగౌట్‌కు తిరిగి వచ్చినప్పుడు ఎక్కడ కూర్చున్నాడో చూడండి. బల్ల మీద అతనికి అటూ ఇటూ చోటు ఖాళీగా ఉంటుంది. దిష్టి తగులుతుందన్నట్టు సహచరులెవరూ అతని పక్కన కూర్చోరు, పలకరించరు, ఆ సున్నా ఊసు అసలే ఎత్తరు.